తరగతి గదికి దరఖాస్తు ఎవరు పెట్టాలి?

2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడ్డాయి. కొత్త జిల్లాలకు కొత్త కార్యాలయాలు కావాలన్నారు. అవి వచ్చాయి కూడా. సిరిసిల్లలో సమీకృత కలెక్టరేట్ భవనం 2021 జూలైలో, జగిత్యాలలో 2022 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ప్రజలు ఒకే ప్రాంగణంలో పనులు ముగించుకునే వీలు కలిగింది. అందుకు మనకు అభ్యంతరం లేదు, సంతోషమే.

అదే 2016 సంవత్సరంలో తెలంగాణ మైనారిటీ గురుకులాలు కూడా తలుపులు తెరిచాయి. మొదటి ఏడాది 71 పాఠశాలలతో ఆరంభమైన ఈ సంస్థ తరువాత 204కు విస్తరించింది. ఇంట్లో బీడీలు చుట్టే తల్లి, సాంచా మీద పన్నెండు గంటలు నిలబడే తండ్రి, గల్ఫ్‌లో కూలికి వెళ్లిన అన్న తమ పిల్లలను ఎన్నో ఆశలతో ఈ బడులకు పంపారు. అయితే కలెక్టరేట్లకు సొంత భవనాలు లేచినంత వేగంగా ఈ బడులకు లేవలేదు. రాష్ట్రంలోని మైనారిటీ గురుకులాలు అధికంగా నేటికీ అద్దె భవనాలలోనే నడుస్తున్నాయి. ఏ మార్గంలో వచ్చే డబ్బుతో ఏ కప్పు ముందు లేస్తుంది, ఏది వెనుకబడుతుంది, ఆ నిర్ణయం ఎక్కడ జరుగుతుంది అన్న ప్రశ్నను ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

అద్దె భవనం అంటే ఏమిటో 2024 అక్టోబరు 15న రాష్ట్రమంతా చూసింది. దసరా సెలవులు ముగిసి విద్యార్థులు పెట్టెలతో తిరిగి వచ్చిన రోజున అనేక గురుకులాల గేట్లకు తాళాలు వేలాడాయి. నెలల తరబడి అద్దె అందలేదని భవన యజమానులు వేసిన తాళాలవి. ప్రభుత్వం కేసులు పెడతామని హెచ్చరించింది, కొంత బకాయి విడుదల చేసింది, తాళాలు తెరుచుకున్నాయి. కానీ బడి గేటు బయట పెట్టె మీద కూర్చున్న ఆడపిల్లకు ఆనాడు అందిన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. తాను చదువుకునే చోటు తనది కాదని, ఎవరో దయతలిస్తేనే తెరుచుకుంటుందని ఆమె తెలుసుకుంది. ఆ భవనాలలో చాలావాటిని బడి కోసం కట్టలేదు. స్నానపు గదులు చాలవు, ఆటస్థలం ఉండదు, పడుకునే చోటే చదువుకోవాలి. సొంత భవనం కావాలన్న కోరిక ఆడంబరం కోసం కాదు, ఆడపిల్లను పదో తరగతి దాటించడం కోసం.

మరి నిధులు లేవా? ఉన్నాయి. అవి ఒకే కాలువలో రావు, అంతే. ప్రభుత్వ బడి భవనానికి, మరమ్మతుకు జిల్లాలో ఎన్ని దారుల నుండి డబ్బు వస్తుందో మన కుటుంబాలకు తెలియాలి.

మొదటిది సమగ్ర శిక్ష. 2018లో మొదలైన ఈ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కొత్త గదులు, మరుగుదొడ్లు, పెద్ద మరమ్మతులు దీని వార్షిక ప్రణాళికలో చేరితేనే మంజూరవుతాయి. ఇవిగాక ప్రతి బడికీ ఏటా ఒక గ్రాంటు ఉంటుంది. దీనిని విద్యార్థుల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. 30 మంది లోపు ఉంటే 10 వేలు, 100 మంది వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష రూపాయలు. ఇప్పుడు మన ఉర్దూ మీడియం ప్రాథమిక పాఠశాలలను తలచుకోండి. ఇరవై ఐదు మంది పిల్లలున్న బడికి ఏడాదికి పదివేలు. సుద్దముక్కలు, చీపుర్లు, కరెంటు బిల్లు, కుళాయి మరమ్మతు అన్నీ అందులోనే. కారే కప్పును ఆ సొమ్ముతో బాగుచేయడం ఏ ప్రధానోపాధ్యాయునికీ సాధ్యం కాదు.

రెండవది రాష్ట్ర ప్రభుత్వ పథకాలు. 2022 మార్చిలో ఆరంభమైన మన ఊరు-మన బడి, మన బస్తీ-మన బడి కార్యక్రమం మూడేళ్లలో 26,065 పాఠశాలలను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేస్తామంది. మొదటి విడతలో 9,123 పాఠశాలలను తీసుకున్నారు. ఎంపికకు కొలమానం విద్యార్థుల సంఖ్య. ఎక్కువ మంది ఉన్న బడులు ముందు, తక్కువ ఉన్నవి తరువాత. వినడానికి ఇది న్యాయంగానే ఉంది. కానీ కప్పు కారుతుంది కనుక పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గారు కనుక కప్పు బాగుపడదు. ఈ చక్రంలో చిక్కుకున్నవి ఎక్కువగా చిన్న బడులు, వాటిలో ఉర్దూ మాధ్యమానివి కూడా ఉన్నాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, చిన్న మరమ్మతుల బాధ్యత స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు. పథకం పేరు మారినప్పుడల్లా తరువాతి విడతల కోసం ఎదురుచూస్తున్న బడి మళ్లీ వరుసలో చివరకు చేరకూడదని మేము కోరుతున్నాము.

మూడవది ప్రజాప్రతినిధుల నిధులు. ప్రతి పార్లమెంటు సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే అధికారం ఉంది. జగిత్యాల, కోరుట్ల శాసనసభ స్థానాలు నిజామాబాద్ లోక్‌సభ పరిధిలో, సిరిసిల్ల కరీంనగర్ పరిధిలో ఉన్నాయి. ఈ నిధులలో 15 శాతం దళితవాడలకు, 7.5 శాతం గిరిజన ప్రాంతాలకు వెచ్చించాలని నియమం ఉంది. అది ఉండవలసిందే. మైనారిటీ మొహల్లాలకు అటువంటి నియమం లేదు. కనుక అక్కడ పని జరగాలంటే అడగడం తప్ప మరో ఆధారం లేదు. శాసనసభ్యుల నియోజకవర్గ అభివృద్ధి నిధులదీ ఇదే తీరు.

నాల్గవది స్థానిక సంస్థల ఆదాయం. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కూడా చెల్లిస్తున్నామని ఎందరికి తెలుసు? ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. కోరుట్లలో పన్ను రసీదు చేతపట్టుకున్న ప్రతి ముస్లిం కుటుంబమూ తన పట్టణ గ్రంథాలయంలో ఉర్దూ పుస్తకాల బీరువా ఏదని, ఆడపిల్లలు కూర్చుని చదువుకునే గది ఏదని అడిగే హక్కు కలిగి ఉంది. 2017 నవంబరు నుండి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అని ఇక్కడ గుర్తుచేయవలసి ఉంది. ఇక పంచాయతీల పదవీకాలం 2024 జనవరి చివరన, పురపాలక సంఘాల పదవీకాలం 2025 జనవరిలో ముగిశాక ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఎన్నికైన వార్డు సభ్యుడు లేనప్పుడు మొహల్లా మాట ఎవరికి వినిపించాలో తెలియక జనం తిరిగిన తిరుగుడు మనందరికీ అనుభవమే.

ఐదవది, మనకు అన్నింటికన్నా ముఖ్యమైనది, ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమ్. సచార్ కమిటీ 2006 నవంబరులో ముస్లింల వెనుకబాటును దేశం ముందుంచిన తరువాత, 2008-09లో 90 మైనారిటీ జిల్లాలలో బహుళ రంగాల అభివృద్ధి కార్యక్రమంగా ఇది మొదలైంది. 2018లో పేరు మారింది. 2022-23 నుండి దేశంలోని అన్ని జిల్లాలకు వర్తిస్తుంది. బడి భవనం, గురుకులం, హాస్టల్, ఐటీఐ, ఆరోగ్య కేంద్రం వంటివి దీనితో కట్టవచ్చు. కట్టడం సేవలందించే పరిసరాలలో మైనారిటీ జనాభా 25 శాతానికి మించి ఉండాలన్నది షరతు. రాష్ట్రంలో మన జనాభా 2011 లెక్కల ప్రకారం 12.7 శాతమే కావచ్చు. జగిత్యాల, కోరుట్ల పట్టణాల మొహల్లాలలో ఈ షరతు నెరవేరడం కష్టమేమీ కాదు.

ఈ పథకపు డబ్బు ఎలా కదులుతుందో చూద్దాం. ప్రతిపాదన జిల్లాలో పుట్టాలి. కలెక్టర్ అధ్యక్షతన ఉన్న జిల్లా కమిటీ దానిని ఆమోదించి రాష్ట్ర కమిటీకి పంపాలి. రాష్ట్ర కమిటీ కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖకు పంపాలి. అక్కడ మంజూరైతే సాధారణంగా 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం ఇవ్వాలి. ఢిల్లీలో ఉన్నవారెవరూ సిరిసిల్లలో ఏ బడికి గది లేదో వెతుక్కుంటూ రారు. జిల్లా నుండి కాగితం వెళ్లకపోతే ఆ జిల్లాకు అవసరం లేనట్టే లెక్క. కాగితం వెళ్లాలంటే దానికి ముందు వివాదం లేని స్థలం చూపాలి, అంచనా వేయించాలి. స్థలం దొరకకే అనేక ప్రతిపాదనలు ఫైలులోనే ముసలివవుతాయి.

కేంద్రం వైఖరిని కూడా మేము ప్రశ్నిస్తున్నాము. 2022-23 బడ్జెట్‌లో ఈ పథకానికి 1,650 కోట్లు చూపి, మరుసటి ఏడు 600 కోట్లకు కుదించారు. పథకాన్ని అన్ని జిల్లాలకు విస్తరించామని ఒకవైపు ప్రకటిస్తూ, మరోవైపు కేటాయింపును మూడో వంతు కన్నా కొద్దిగా ఎక్కువకు తగ్గించడంలో చిత్తశుద్ధి ఎక్కడుంది? ఆకులు ఎక్కువ పరచి అన్నం తక్కువ వండినట్లుంది ఈ తీరు. నిధులు ఖర్చు కాలేదు కనుక తగ్గించామన్న సమాధానం రావచ్చు. ఖర్చు కాకపోవడానికి రాష్ట్రాల అలసత్వం ఒక కారణమైతే, దాని శిక్ష పిల్లలు అనుభవించాలా?

తలచుకుంటే భవనాలు లేవవని ఎవరూ అనలేరు. రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో కేజీ నుండి పీజీ వరకు ఒకే ప్రాంగణంలో చదువుకునే విశాలమైన భవనాలు 2023 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. చూసినవారెవరైనా ప్రభుత్వ బడి ఇలా ఉండగలదా అని ఆశ్చర్యపోతారు. ఆనాడు సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారక రామారావు రాష్ట్ర మంత్రి. మంచి పని జరిగింది, అభినందించవలసిందే. మా ప్రశ్న వేరు. మంత్రి ఉన్న నియోజకవర్గంలో సాధ్యమైనది, మంత్రి లేని చోట ఎందుకు అసాధ్యమవుతోంది? నాయకుని పలుకుబడిని బట్టి కప్పు లేచే పద్ధతిలో, పలుకుబడి లేని సముదాయం ఎప్పుడూ చివరనే ఉంటుంది. పిల్లల తరగతి గది అదృష్టం మీద కాక నియమం మీద ఆధారపడాలి.

అటువంటి నియమం ఎలా ఉంటుందో మన తెలుగువారే కొందరు కళ్లారా చూస్తున్నారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. రానున్న సంవత్సరాలలో ఏ బడి, ఏ గ్రంథాలయం, ఏ అగ్నిమాపక కేంద్రం ఎక్కడ, ఎంత ఖర్చుతో, ఏ ఏడాది కడతారో అక్కడి పాలక మండలి ముందుగానే జాబితా ప్రకటిస్తుంది. బహిరంగ సభలో ప్రజలు లేచి తమ అభిప్రాయం చెప్పవచ్చు. బడి భవనాలకు బాండ్ల ద్వారా అప్పు తేవాలంటే నవంబరు ఎన్నికల బ్యాలెట్‌లో ఓటర్లనే అడుగుతారు. వారు సరేనంటే అప్పు తెచ్చి, ఆస్తిపన్ను ఆదాయం నుండి ఏళ్ల తరబడి తీరుస్తారు. అది సంపన్నమైన ప్రాంతం. వారి సంపదను మనతో పోల్చడం మా ఉద్దేశం కాదు. అయితే జాబితా ప్రకటించడానికి సంపద అక్కరలేదు. జిల్లాలో ఏ బడికి ఎన్ని గదులు తక్కువో, ఈ ఏడు ఏవి కడతారో, వచ్చే ఏడు ఏవో ఒక కాగితం మీద రాసి మండల కార్యాలయం గోడకు అంటించడానికి జిల్లా యంత్రాంగానికి ఎంత ఖర్చవుతుంది?

ప్రభుత్వాలను అడిగిన నోటితో మనల్ని మనం కూడా అడుగుకోవాలి. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. ఎన్నికలు దగ్గరపడినప్పుడు, ప్రజాప్రతినిధి మన మొహల్లాకు వచ్చి ఏం కావాలని అడిగినప్పుడు, మన పెద్దలు చేతిలో పెడుతున్న కాగితంలో ఏముంటోంది? ఖబ్రస్తాన్‌కు ప్రహరీ గోడ, షాదీఖానాకు అదనపు అంతస్తు, ఈద్గాకు సిమెంటు రోడ్డు. ఇవి అక్కరలేనివని మేము అనడం లేదు. ఆక్రమణల కాలంలో ఖబ్రస్తాన్‌కు గోడ ఒక రక్షణ. పేదింటి పెళ్లికి షాదీఖానా ఒక ఆదరువు. కానీ పదేళ్లుగా ఇచ్చిన దరఖాస్తులన్నీ ఒకచోట పెట్టి చూస్తే, వాటిలో బడి గది కోసం ఇచ్చినవి ఎన్ని? ఆడపిల్లల మరుగుదొడ్డి కోసం ఇచ్చినవి ఎన్ని? ప్రతి మస్జిద్ కమిటీ తన సొంత ఫైలు తెరిచి ఈ లెక్క తీయాలని కోరుతున్నాము. నాయకునికి గోడ సులువు. మూడు నెలల్లో లేస్తుంది, శిలాఫలకం మీద పేరు పడుతుంది. బడి భవనానికి స్థలం వెతకాలి, అంచనా వేయాలి, రెండు మూడేళ్లు వెంటపడాలి. సులువైనది ఇచ్చి పంపే అలవాటు వారికి ఉంది, సులువైనదే అడిగే అలవాటు మనకు పట్టుకుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? 2009 విద్యాహక్కు చట్టం మన చేతికి ఒక పనిముట్టు ఇచ్చింది. ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలని, ప్రభుత్వమిచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని చట్టం చెబుతోంది. 2024 జనవరిలో రాష్ట్రంలో ఈ కమిటీలకు ఎన్నికలు కూడా జరిగాయి. మన ఉర్దూ మీడియం బడులలో ఎన్ని కమిటీలు కూర్చుని ప్రణాళిక రాశాయి? కమిటీలో తన పేరుందని తెలియని తల్లులు ఎందరో ఉన్నారు. సంతకం కోసం ఇంటికి రిజిస్టరు వస్తే చేసి పంపడం కమిటీ సభ్యత్వం కాదు.

రెండవ పని, బడి లెక్కలు సరిచూసుకోవడం. ప్రతి ఏటా ప్రధానోపాధ్యాయుడు యూడైస్ పత్రంలో ఎన్ని గదులు ఉన్నాయి, ఎన్ని శిథిలమయ్యాయి, మరుగుదొడ్డి పనిచేస్తుందా లేదా అని నింపి పంపుతారు. సమగ్ర శిక్ష ప్రణాళికలకు ఆ వివరాలే పునాది. కూలే గదిని బాగున్న గదిగా రాస్తే, నీళ్లు రాని మరుగుదొడ్డిని వాడుకలో ఉన్నట్లు రాస్తే, ఆ ఏడు ఆ బడికి ఏ అవసరమూ లేదని పై వారు అనుకుంటారు. పత్రం పంపేముందు కమిటీకి చదివి వినిపించమని తల్లిదండ్రులు మర్యాదగా అడగాలి. ఉపాధ్యాయుడు మనకు ప్రత్యర్థి కాదు. చాలాసార్లు ఆయనకు కూడా తోడుగా మాట్లాడేవారు కావాలి.

మూడవది, జిల్లా కమిటీ తలుపు తట్టడం. ప్రధానమంత్రి నూతన 15 సూత్రాల కార్యక్రమం 2006 నుండి అమలులో ఉంది. సాధ్యమైన చోట పథకాల లక్ష్యాలలో, నిధులలో 15 శాతం మైనారిటీలకు కేటాయించాలని అది చెబుతోంది. దాని జిల్లా కమిటీలో మైనారిటీల కోసం పనిచేసే సంస్థల ప్రతినిధులకు కూడా చోటు ఉంది. జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఏ ప్రతిపాదనలు పంపిందో, అవి ఏ దశలో ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి దరఖాస్తు రుసుము కూడా లేదు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన పిల్లలు ఒక్కో మొహల్లాకు ఒక్క దరఖాస్తు రాసిపెట్టినా, ఏడాదిలో జిల్లా ముఖచిత్రం మన ముందుంటుంది.

ఇక ప్రభుత్వం చేయవలసినవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదివేలా యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు 2024 అక్టోబరులో శంకుస్థాపనలు మొదలయ్యాయి. పిల్లలు కులమత భేదం లేకుండా కలిసి పెరగడం మంచిదే, స్వాగతిస్తున్నాము. అయితే ఆ ప్రాంగణాలు పూర్తయ్యేవరకు అద్దె భవనాలలో ఉన్న మైనారిటీ గురుకులాల సంగతేమిటి? వాటిలో ఏవి కొత్త ప్రాంగణాలకు చేరతాయి, ఏవి ఉన్నచోటే కొనసాగుతాయి? ఆడపిల్లల బడి పట్టణానికి దూరమైతే వారిని పంపడానికి జంకే కుటుంబాల మాట ఎవరు వింటారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల గురుకులాల విషయంలో ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకమైన సమాధానం ఇవ్వాలని జిల్లా యంత్రాంగాలను కోరుతున్నాము. అద్దె చెల్లింపును ప్రతినెలా జీతాలతో పాటు విడుదల చేయాలి. విద్యార్థుల సంఖ్య ఒక్కటే కాక భవనం స్థితిని కూడా ఎంపికకు కొలమానంగా తీసుకోవాలి. జిల్లా భవనాల జాబితాను తెలుగు, ఉర్దూ భాషలలో బహిరంగంగా ప్రకటించాలి. ఇవి రాయితీలు కావు. పన్ను కట్టే పౌరుల హక్కులు.

సుధీర్ కమిషన్ 2016లో తెలంగాణ ముస్లింల స్థితిగతులపై నివేదిక ఇచ్చింది. అప్పటికి ఒకటో తరగతిలో చేరిన పాప పదో తరగతి దాటే కాలం వచ్చింది. నివేదిక కోసం ఆ పాప ఎదుగుదల ఆగలేదు, సొంత భవనం కోసమూ ఆగలేదు. ఆమె చెల్లెలైనా తాళం పడని గేటు లోపల చదువుకోవాలంటే, ఈ నెలలోనే ఏదో ఒక మొహల్లాలో ఎవరో ఒకరు తెల్లకాగితం తీసుకుని బడి పేరు, గదుల లెక్క, పిల్లల సంఖ్య రాసి కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. వచ్చే జుమా నాడు నమాజు తరువాత మస్జిద్ ఆవరణలో కాసేపు ఆగి, ఆ కాగితం ఎవరు రాస్తారో తేల్చుకోండి. రసీదు అందిన తరువాత మాకు తెలియజేయండి. అది ఏ బల్ల మీద ఆగిందో మీతో కలిసి మేమూ అడుగుతాము.